చేతికందొచ్చిన కూతురు

2025 ఏప్రిల్‌లో పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం నందివాడ నుంచి ఫోను వచ్చింది. హైస్కూల్లో ఐదేళ్ళు నా పక్కన కూర్చుని చదువుకున్న అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఇద్దరికీ ముప్ఫయ్యారేళ్ళు. తన పేరు ఇక్కడ రాయను. మా ఊళ్ళో పేరు చెబితే చాలు, ఏ బజారో, ఎవరి కోడలో, ఎంత అప్పుందో అందరికీ తెలిసిపోతుంది.

“మా పాపకి 552 వచ్చినయ్యండీ. నూజివీడు ట్రిపుల్ ఐటీకి పెట్టమంటున్నారు బళ్ళో సార్లు. ఆరేళ్ళంట. మీరేమంటారు?” అంది.

మార్కుల కంటే ముందు నాకు ఆ ‘మీరు’ తగిలింది. ఒకే టిఫిన్ బాక్సులో తినకపోయినా ఒకే జామెట్రీ బాక్సు వాడుకున్నాం మేం. ఈ ‘మీరు’ ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకోబోయాను. నేను పిహెచ్.డి.లో చేరిన ఏడాది అనుకుంటాను. బహుశా నేను అభ్యంతరం చెప్పకపోవడం వల్లే స్థిరపడిపోయింది.

“పెట్టించేసెయ్, ఆలోచించకు” అన్నాను వెంటనే.

“ఆలోచించకుండా ఎట్టాగండీ, ఆరేళ్ళు!” అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నా విషయంలో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఏళ్ళు లెక్కపెట్టలేదు. ఎందుకు లెక్కపెట్టలేదన్నది ఎప్పుడూ నా పరిశోధనలో ప్రశ్న కాలేదు. నేను డాక్టరేటు చేసింది తెలుగు స్త్రీల నవలల్లో చదువుకునే అమ్మాయిల మీద. తండ్రి ఒప్పుకున్నాడా లేదా, భర్త అడ్డొచ్చాడా లేదా అని పేజీల కొద్దీ రాశాను. ఆ చదువు సాగినన్నాళ్ళూ ఇంట్లో బియ్యం ఎక్కడినుంచి వచ్చాయన్న ప్రశ్న ఒక్క అధ్యాయంలోనూ లేదు.

మా వైపు ‘చేతికందొచ్చిన కొడుకు’ అంటారు. అది పొగడ్త, భరోసా కూడా. ఇక సంపాదించి పెడతాడని అర్థం. అట్లాంటి కొడుకు పోతే ఊరంతా ఆ మాటే అని ఏడుస్తుంది. ‘చేతికందొచ్చిన కూతురు’ అని ఎవరన్నా అనగా నేను వినలేదు. కూతురు ‘ఎదిగొస్తుంది’. ఎదిగొచ్చిన కూతురు గుండెల మీద కుంపటి. బడి నుంచి పనిలోకి నడిచే దారికి మగపిల్లాడి విషయంలో మన భాష ఒక గౌరవమైన మాట పెట్టుకుంది. ఆడపిల్ల అదే దారిలో, చాలాసార్లు అంతకంటే ముందే నడిచినా, దానికి మాట లేదు. మాట లేదు కాబట్టి లెక్క కూడా లేదు.

ఇప్పుడు ఆ లెక్క చూడాలంటే 2004కి, మా నాలుగెకరాల దగ్గరికి వెళ్ళాలి.

మాది కమ్మ కుటుంబం. చిన్న రైతులం అని చెప్పుకునేవాళ్ళం. అప్పులూ ఉండేవి, కాబట్టి అది అబద్ధం కాదు. కానీ తనది మాలపల్లె. వాళ్ళకి సెంటు భూమి లేదు. ఐదో తరగతి దాకా వాళ్ళ బడి వేరు, మా బడి వేరు. ఆరో తరగతిలో హైస్కూలు ఇద్దర్నీ ఒక బెంచీ మీదికి తెచ్చింది. వాళ్ళమ్మ మా పొలంలో నాట్లు వేసేది, కలుపు తీసేది, వరి కోశాక మినుము పీకేది. సార్వాకి, దాళ్వాకి ముఠాలో ఆమె పేరు ఉండాల్సిందే. మా అమ్మ ఆమెని ‘ఏమే’ అనేది. ఆమె మా అమ్మని ‘అమ్మగారూ’ అనేది.

నందివాడ మండలం కొల్లేరుకి ఎగువన ఉన్న పల్లపు నేల. బుడమేరు ఇటునుంచే కొల్లేట్లోకి పోతుంది. వర్షాలు ఎక్కువైతే మునక, నీళ్ళు రాకపోతే ఎండు. అట్లాంటి నేలలో వరి పండించి అలిసిపోయిన రైతుకి చేపల చెరువు దేవుడిచ్చిన వరంలా కనిపించింది. 1980ల నుంచీ కొల్లేటి చుట్టుపక్కల వ్యాపించిన చెరువులు మా పొలం దాకా వచ్చేసరికి నేను తొమ్మిదో తరగతి. నాన్న మా నాలుగెకరాలూ లీజుకి ఇచ్చేశాడు. పొక్లెయినర్లు వచ్చి మట్టి తీసి గట్లు పోశాయి. వర్షం రానీ, రాకపోనీ, లీజు డబ్బు ఏడాది మొదట్లోనే చేతికి వచ్చేది. మా ఇంట్లో అంతవరకు నెలజీతం లాంటిది ఏమీ ఉండేది కాదు. మొదటిసారి ‘వచ్చే జూన్‌కి ఇంత ఉంటుంది’ అని నాన్న ముందే చెప్పగలిగాడు. ఆ ‘వచ్చే జూన్’ మీదే నా చదువు నిలబడింది.

అదే నాలుగెకరాలు వాళ్ళింట్లో ఇంకో రకంగా లెక్కకొచ్చాయి. వరిచేలో పని ఎక్కువగా ఆడవాళ్ళది. చేపల చెరువులో పని దాదాపుగా మగవాళ్ళది. పడవ మీద తిరిగి తవుడు, చెక్క కలిపిన మేత సంచులు కట్టాలి. రాత్రి కాపలా ఉండాలి. పట్టుబడి రోజున వలలు లాగి, ట్రేల్లో ఐసు కొట్టి, శీలావతి, బొచ్చె నింపి లారీకి ఎక్కించాలి. ఇన్ని ఎకరాల నాట్లకి ఇంతమంది ఆడవాళ్ళు అనే లెక్క చెరువుకి లేదు. ముఠాలో పాతికమంది చేసే చోట నలుగురు మగవాళ్ళు సరిపోయారు. ఒక్క మా పొలమే కాదు, ఆ దారిన ఉన్న పొలాలన్నీ చెరువులయ్యాయి. వాళ్ళమ్మ ఆటో ఎక్కి దూరపు ఊళ్ళకి నాట్లకి పోవడం మొదలుపెట్టింది. ఆమె పోయాక ఇంట్లో వంట, నీళ్ళు, తమ్ముడు, మంచంలో ఉన్న నాయనమ్మ ఎవరి మీద పడతారో చెప్పక్కర్లేదు. పదో తరగతిలో తను మధ్యాహ్నాలు మాయమయ్యేది. సార్లు తిట్టేవాళ్ళు. నేను నోట్సు ఇచ్చేదాన్ని. అది నా మంచితనం అని చాలాకాలం అనుకున్నాను.

2004లో ఇద్దరం పది పాసయ్యాం. తనకి ఫస్టు క్లాసు. నాకంటే ముప్ఫై ఒక్క మార్కులు ఎక్కువ.

నేను విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేరాను. ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో తప్పాను. సప్లిమెంటరీకి ఫీజు కట్టారు, ట్యూషన్ పెట్టారు. రెండో ఏడాది గట్టెక్కాను. ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకు బయటికి చెప్పుకునేది కాదు. ‘లాంగ్ టర్మ్’ అని ఇంకో ఏడాది కోచింగు ఇప్పించారు. మళ్ళీ అదే ర్యాంకు. అప్పుడు నేను ఏడ్చి, “నాకు తెలుగు ఇష్టం” అన్నాను. మా నాన్న ఒక వారం మాట్లాడలేదు. తర్వాత గుడివాడలో బి.ఏ.లో చేర్పించాడు. ఎం.ఏ., ఎం.ఫిల్., పిహెచ్.డి. హైదరాబాదులో జరిగాయి. నాకు మొదటి జీతం వచ్చేనాటికి ముప్ఫై ఏళ్ళు.

ఈ కథని సభల్లో నేను వేరేగా చెప్పేదాన్ని. తండ్రిని ఎదిరించి, ఇంజనీరింగు వద్దని, సాహిత్యాన్ని ఎంచుకున్న ఆడపిల్ల కథగా చెప్పేదాన్ని. అది అబద్ధమని ఇప్పుడూ అనను. కానీ నా ఎంపిక వెనక రెండు తప్పిన పరీక్షలు, ఒక వృథా ఏడాది ఉన్నాయి. వాటి ఖరీదు ఎవరో కట్టారు. మా ఇంటి ఆదాయం నాకు కొనిపెట్టింది చదువొక్కటే కాదు, తప్పడానికి గడువు కూడా. తను ఏ పరీక్షా తప్పలేదు. తప్పే అవకాశం కూడా రాలేదు.

పది అయ్యాక తను ‘ఖాళీగా ఉంది’ అని ఊళ్ళో అనేవాళ్ళు. ఆ ఖాళీ గురించి ఈమధ్య కూర్చుని అడిగాను. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఇథియోపియా, పెరూ, వియత్నాంలలోనూ ‘యంగ్ లైవ్స్’ అనే అధ్యయనం మొదలైంది. మన దగ్గర సుమారు మూడు వేలమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ కలిసింది. అందులో పిల్లల రోజుని గంటలుగా విడగొట్టి అడుగుతారు. నిద్రకి ఎంత, బడికి ఎంత, ఇంటిపనికి ఎంత, చిన్నపిల్లల్నీ జబ్బు మనుషుల్నీ చూసుకోవడానికి ఎంత, కూలికి ఎంత, ఆటకి ఎంత అని. నేనూ అట్లాగే అడిగాను. తను నవ్వింది. తర్వాత వేళ్ళు మడుస్తూ చెప్పింది. పొద్దున నాలుగున్నరకి లేవడం, నీళ్ళు, వంట, నాయనమ్మకి స్నానం, సీజన్లో అమ్మతోపాటు ఆటోలో నాట్లు, సీజన్ లేనప్పుడు గుడివాడలో ఒక బట్టల కొట్లో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడటం. “కూర్చోనిచ్చేవాళ్ళు కాదు” అంది. నిద్ర తీసేస్తే ఖాళీ అనదగ్గ గంట ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ కొట్లో వచ్చిన జీతం ఏం చేశారని అడిగాను. “నా పెళ్ళికే” అంది. తన కట్నం తనే సంపాదించుకుంది. 2006లో పెళ్ళి. పదిహేడేళ్ళు. ఇది పాతకాలం సంగతి అనుకునేవాళ్ళకి ఒక అంకె: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసున్న ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్ధెనిమిది నిండకముందే పెళ్ళయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. డాలర్లు, కాలేజీలు, రొయ్యల ఎగుమతులు ఉన్న రాష్ట్రం మనది.

అయితే ఆదాయం పెరిగే కొద్దీ ఆడపిల్లకి దారి తెరుచుకుంటుంది అని ముగించేస్తే అదీ నిజం కాదు. మా పెదనాన్న కూతురు సంగతి చెప్పాలి. వాళ్ళకి మాకంటే చాలా ఎక్కువ చెరువులున్నాయి. అక్కని మంచి కాలేజీలో ఇంజనీరింగు చదివించారు. మార్కులూ బాగా వచ్చాయి. క్యాంపస్‌లో ఉద్యోగం వస్తే, “మనకేం ఖర్మ, ఆ జీతం మన మేత ఖర్చుకి రాదు” అని పెదనాన్న వద్దన్నాడు. డిగ్రీ సంబంధం కోసం పనికొచ్చింది. అమెరికా వెళ్ళింది. హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలకి 2015 దాకా అక్కడ ఉద్యోగం చేసే అనుమతే లేదు. ఆ ఏడాది ఇచ్చిన వెసులుబాటు కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళకే దొరికింది. అది దొరికేనాటికి అక్కకి ఇద్దరు పిల్లలు. పేదింటి అమ్మాయిని చదువు పూర్తవకముందే పనిలోకి తోసే ఆదాయమే, డబ్బున్నింటి అమ్మాయిని చదువు పూర్తయ్యాక కూడా పనిలోకి పోనివ్వదు. ఇద్దరి విషయంలోనూ నిర్ణయం వేరేవాళ్ళది. అయితే ఇద్దరి కష్టం ఒకటేనని మాత్రం నేను అనను. మా అక్కకి నడుం నొప్పి లేదు.

చట్టం ఇక్కడ ఎంత దూరం వస్తుందని చూశాను. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య అంది. బాలకార్మిక చట్టానికి 2016లో తెచ్చిన సవరణ పద్నాలుగు లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదంది. కానీ బడి వేళలు అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయం చెయ్యవచ్చంది. పద్నాలుగు నుంచి పద్ధెనిమిది దాకా ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషేధం. ఆడపిల్ల పని ఎప్పుడూ ‘ఇంట్లో సాయమే’ కాబట్టి మినహాయింపు అంతా ఆమె కోసమే రాసినట్టుంటుంది. ఇక పద్ధెనిమిదికి పెళ్ళి చట్టబద్ధం. పద్నాలుగు దాటాక, పద్ధెనిమిది రాకముందు ఉన్న ఆ నాలుగేళ్ళూ పిల్లని ఎవరు మోయాలి? ఇంటి ఆదాయం మోయాలి. 26 రాష్ట్రాల్లోని 28 గ్రామీణ జిల్లాల్లో 2023లో అసర్ సర్వే జరిగింది. పద్నాలుగేళ్ళ పిల్లల్లో ఎక్కడా చదవని వాళ్ళు 3.9 శాతం. పద్ధెనిమిదేళ్ళ వాళ్ళలో 32.6 శాతం. ఈ రెండు అంకెల మధ్యే తన బెంచీ ఖాళీ అయింది.

మే నెలలో నందివాడ వెళ్ళాను. తను ఇప్పుడు రొయ్యల ప్లాంటుకి పోతుంది. తెల్లారకముందే బస్సు పల్లె చివరికి వస్తుంది. తల తీసి, పొట్టు ఒలిచి, కిలోల లెక్కన డబ్బు. చేతివేళ్ళ చివర్లు ఐసులో నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతోనే నాకు కాఫీ ఇచ్చింది. పాప వచ్చి “నమస్తే మేడం” అంది. “మేడం ఏంటే, పిన్ని అను” అన్నాను. తల్లి వైపు చూసింది. తల్లి ఏమీ అనలేదు.

వాళ్ళింటి గోడ మీద నడుమెత్తున మట్టి గీత ఇంకా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది మీకందరికీ గుర్తుంటుంది. టీవీలన్నీ సింగ్ నగర్ చూపించాయి. ఆ నీళ్ళే తర్వాత కొల్లేటి దారిలో మా మండలం మీదికి వచ్చాయి. చెరువు గట్లూ, రోడ్లూ ఏకమయ్యాయి. తన భర్త కాపలా ఉన్న చెరువులో చేపలు వరదలో పోయాయి. ఓనరు నష్టపోయాడు. పని పోయింది. తీసుకున్న అడ్వాన్సు మాత్రం పోలేదు, అది అప్పుగా మిగిలింది. అప్పుడు వాళ్ళ పెద్దబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. “రెండు నెలలు పోయొస్తా” అని పట్టుబడి ముఠాలో చేరాడు. మళ్ళీ కాలేజీకి పోలేదు.

“వాడు చేతికందొచ్చాడు గదా అంటారండీ అందరూ. పదిహేడేళ్ళకి!” అంది.

ఆ మాట విన్నాక, నేను హైదరాబాదులో కూర్చుని ఈ మాట మీద చేసిన విశ్లేషణ అంతా సగమే అనిపించింది. కొడుకుకి దక్కే గౌరవం గురించి ఆలోచించాను గానీ, పేదింట్లో ఆ గౌరవం పిల్లాడి చదువు మీద ఎక్కే బరువు అని ఆలోచించలేదు. వాడు రాత్రి ఒంటిగంటకి వల లాగి, తెల్లారి లారీ ఎక్కించి తెచ్చిన డబ్బుతోనే చెల్లెలు పదో తరగతి పరీక్షలు ప్రశాంతంగా రాసింది. మా ఇంట్లో ఒక్క పొలం లీజు ఇద్దరు పిల్లల్ని చదివించింది. వాళ్ళింట్లో ఒక పిల్ల చదవాలంటే ఇంకో పిల్లాడు మానెయ్యాలి.

ఆరేళ్ళ లెక్క అప్పుడు తను నాకు చెప్పింది. ట్రిపుల్ ఐటీలో ఇంటర్ రెండేళ్ళు, బి.టెక్. నాలుగేళ్ళు. 2008లో పెట్టిన నూజివీడు క్యాంపస్ ఊరి పిల్లల కోసమే పెట్టింది. ప్రభుత్వ బళ్ళలో చదివిన పిల్లలకి వెనకబాటు కింద 4 శాతం మార్కులు కలుపుతారు. “సీటొస్తదండీ, నాకు నమ్మకం ఉంది. ఫీజు సంగతి గవర్నమెంటు చూస్తదనుకో. ఈ ఆరేళ్ళూ అది ప్లాంటుకొస్తే ఎంత తెస్తదో నాకు తెలుసు. అది రాదు గదా. మధ్యలో మా ఆయనకేమన్నా అయితే? మళ్ళీ వరదొస్తే? అప్పుడు దాన్నీ ఆపేస్తానా? ఆపేసేదానికి ఆశ పెట్టడం ఎందుకు?”

నా దగ్గర జవాబు లేదు. 2008 నుంచి విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంటు ఎంతోమంది పిల్లల్ని కాలేజీ గుమ్మం ఎక్కించింది. 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం పేర్లతో తల్లుల ఖాతాల్లోకే డబ్బు వేశారు. నేను వీటిని తీసిపారెయ్యను. తల్లి పేర డబ్బు పడటం చిన్న సంగతి కాదు. కానీ ఫీజు తిరిగిచ్చే ప్రభుత్వం ఉంది గానీ, పిల్ల పనిలోకి పోకపోవడం వల్ల ఇల్లు పోగొట్టుకునే కూలి తిరిగిచ్చేవాళ్ళు లేరు. ‘ఆడపిల్లల్ని చదివించండి’ అని గోడల మీద రాసే మనం, ఆ తల్లి వేళ్ళు మడిచి చేసే లెక్కని అజ్ఞానం అనుకుంటాం. అంత కచ్చితమైన లెక్క నా థీసిస్‌లో ఒక్కటి కూడా లేదు.

ఆ రాత్రి మా అమ్మతో అన్నాను, నా వాటాకి వచ్చిన రెండెకరాల లీజు ఆరేళ్ళపాటు ఆ పిల్లకి ఇస్తానని. నాన్న పోయాక ఆ లీజు నా ఖాతాలోనే పడుతోంది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. “నీ ఇష్టం. కానీ వాళ్ళమ్మ పని మనం తీసేశామన్నట్టు మాట్లాడకు. ఊరంతా చెరువులు చేసింది” అంది. నేనేమీ అనలేదు. మేం తీసేశాం అనే నేను అనుకుంటున్నాను. ఊరంతా చెయ్యడం వల్ల అది మేం చెయ్యనిది అయిపోదు.

మర్నాడు తనతో చెప్పాను. తను కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది. సంతోషిస్తుందనో, ఏడుస్తుందనో నేను సిద్ధపడి వెళ్ళాను. రెండూ జరగలేదు.

“పాపకి అవసరమైనప్పుడు నేనే అడుగుతాను. అప్పుగా ఇవ్వు. దానం చెయ్యకు” అంది. ఇన్నేళ్ళ తర్వాత ‘ఇవ్వు’ అంది. తను గమనించిందో లేదో తెలీదు. “అంత చెయ్యాలని ఉంటే వాడి సంగతి చూడు. ఇంటర్ ఓపెన్ స్కూల్లో రాయొచ్చంట గదా. నేనడిగితే వినడు. సిగ్గు వాడికి, చెల్లెలు ముందుకెళ్ళిపోయిందని.”

సీటు నా ధ్యాసలో ఉంది. పిల్లాడు తన ధ్యాసలో ఉన్నాడు. ఆడపిల్ల చదువు కోసం మాట్లాడటానికి వచ్చిన నాకు, ఆ తల్లి ఇద్దరు పిల్లల్నీ కలిపి చూపించింది.

జూన్‌లో జాబితా వచ్చింది. పాప పేరు ఉంది. ట్రంకు పెట్టె కొనడానికి గుడివాడ తల్లీకూతుళ్ళే వెళ్ళారు. పిల్లాడికి ఓపెన్ ఇంటర్ దరఖాస్తు నింపాను. సంతకం పెట్టడానికి రెండు రోజులు తప్పించుకు తిరిగాడు. మూడోరోజు చెరువు గట్టు మీదికే వెళ్ళాను. మా నాలుగెకరాల పక్క గట్టే అది. ఐసు తడి ఆరని చేత్తో పెన్ను పట్టుకుని, “తప్పితే?” అని అడిగాడు.

“నేను రెండుసార్లు తప్పాను” అన్నాను.

నమ్మలేదు. నవ్వి సంతకం పెట్టాడు. పరీక్ష ఫీజు కట్టాం, పుస్తకాలు ఇంటికి వచ్చాయి. పట్టుబడి లేని రాత్రుల్లో చదువుతున్నాడని వాళ్ళమ్మ చెబుతోంది. ఈ సీజన్లో పట్టుబడి లేని రాత్రులు ఎన్నో నేను అడగలేదు.